లేని గోడ కూలిన ఎండాకాలం

ఆ రోజుల్లో పెద్ద లాయర్ల ఆఫీసులో ఎండాకాలం ఉద్యోగం దొరకాలంటే చదువు అక్కర్లేదు, ముఖంలో కాస్త దిగులు ఉంటే చాలు. ఈ మాట మొన్న ఇంట్లో అంటే అందరూ పగలబడి నవ్వారు. నా మనవరాలు లా చదువుతోంది. సెలవుల్లో ఏదో పెద్ద లా కంపెనీలో ‘సమ్మర్ అసోసియేట్’గా చేరింది. అంటే ఏందే అని అడిగితే, "ఎండకాలం పెద్ద లాయర్ల ఆఫీసుల కూసోని పని నేర్చుకునుడు అమ్మమ్మా" అంది. "గదేనా? నేను గూడ చేసిన" అన్నాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని కదా, పిల్ల నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమోనని చూసింది. జ్వరం లేదు. జరిగింది చెప్తాను, మీరైనా వినండి.

తొంభైల మొదట్లో మేము యాకుత్‌పురాలో, స్టేషను వెనక ఒక ఇంటి మీద రెండు రేకుల గదుల్లో అద్దెకు ఉండేవాళ్ళం. కింద ఉండే ఇంటామెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. మా ఆయన ప్రెస్సులో పనిచేసేవాడు. నా కూతురు బడికి పోయేది. మే నెలలో ఆ రేకుల కింద అప్పడం పెడితే నూనె లేకుండానే వేగేది. అలాంటి ఒక మధ్యాహ్నం మా చిన్నాయన వచ్చాడు. ఆయన కోర్టుకు దగ్గర్లో, రెండంతస్తుల నిండా లాయర్లున్న ఒక పెద్ద ఆఫీసులో మున్షీ, అంటే గుమాస్తా.

"రేపటిసంది మా ఆఫీసుకొచ్చి కూసో" అన్నాడు.

"కూసోని ఏం జెయ్యాలె?"

"ఏం జెయ్యొద్దు. గదే పని."

సంగతేమిటంటే, ఎండాకాలం కోర్టులకు సెలవులు. క్లయింట్లు పలచబడతారు. బెంచీలు ఖాళీగా కనిపిస్తే కొత్తగా వచ్చినవాడు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతాడు. "ఖాళీ హోటల్ల ఎవలన్న తింటరానే? నువ్వు కేసున్నదాని లెక్క, జర ఫికర్‌తోని కూసో. కోర్టులు తెరిచేదాక మంచిగ కూసున్నవనుకో, ఆడోళ్ళ గదిల నీళ్ళిచ్చే పర్మనెంటు పని నీకే ఇప్పిస్త."

ఆ పర్మనెంటు పని మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఆఫీసు హాల్లో గుర్రం అంత కూలరుంది. ఇంట్లో మనిషి లేచీ లేవకముందే ఫ్యాను ఆపేసే నాకు, వేరేవాళ్ళ కరెంటుతో వచ్చే చల్లగాలిలో కూర్చోవడమంటే స్వర్గం ఇంకెక్కడో ఉందనిపించలేదు.

మొదటి రోజే తిట్లు తిన్నాను. చేతులు ఖాళీగా పెట్టుకోవడం నాకు చేతకాదు. సంచిలో చింతపండు తీసుకుపోయి, బెంచీ మీద గింజలు తీస్తూ కూర్చున్నాను. చిన్నాయన ఉరికి వచ్చి చెవిలో, "కేసున్నోళ్ళు చింతపండు దీస్తరానే? లోపల పెట్టు!" అన్నాడు. లోపల పెట్టాను. దాంతో చేతులే కాదు, నోరు కూడా ఖాళీ అయింది. పక్కనే కార్వాన్ నుంచి వచ్చే సేఠ్ ఒకాయన కూర్చుని ఉన్నాడు. దుకాణం వాటా కోసం అన్నతో కొట్లాడుతున్నాడు పాపం.

"నీదేం కేసు బిడ్డా?" అన్నాడు.

నేను ఏమీ అనుకుని రాలేదు. పొద్దున కడిగి వచ్చిన మెట్లు గుర్తొచ్చాయి. "మెట్ల కేసు" అన్నాను.

"మెట్లకేమైంది?"

"మా మరిది అడ్డంగ గోడ కట్టిండు."

"అయ్యో! మరి ఇంట్లకు ఎట్ల పోతున్నవ్?"

"నిచ్చెనేస్కోని."

బెంచీ బెంచీ అంతా నా వైపు తిరిగింది. నీళ్ళ బిందెలు ఎట్ల ఎక్కిస్తున్నరని ఒకరు, గ్యాసు బండ ఎట్లని ఇంకొకరు అడిగారు. తాడు కట్టి గుంజుతున్నం అన్నాను. "మరి మీ అత్తమ్మ?" అంది చాంద్రాయణగుట్ట నుంచి వచ్చే ఒకామె, గుండె మీద చెయ్యి పెట్టుకుని. "ఆమె పైన్నే ఉన్నది. మల్ల కిందికి దిగనే లే" అన్నాను. (అత్తగారు పోయి అప్పటికే చాలా కాలమైంది. పైన ఉన్న మాట నిజమే.)

ఇంక చూడండి. పొద్దున నేను అడుగు పెట్టగానే, "ఇయ్యాల నిచ్చెన జారలే గద?" అని హాలంతా అడిగేది. లోపల లాయరు పిలుస్తున్నా, "జర ఆగు సార్, వాళ్ళ మరిది ఏమన్నడో వినొస్త" అనేవాళ్ళు. చాంద్రాయణగుట్ట ఆమె, నిచ్చెన కాళ్ళకు చుట్టమని పాత సైకిల్ ట్యూబు తెచ్చి ఇచ్చింది. (మంచి ట్యూబు. మా దండెం ఇప్పటికీ దానితోనే కట్టి ఉంది.)

ఇదంతా ఒక మనిషి చెవిన పడింది. సెలవుల్లో పని నేర్చుకోవడానికి వచ్చిన లా కాలేజీ కుర్రాడు. మే నెల ఎండలో నల్లకోటు విప్పేవాడు కాదు కాబట్టి కోటు బాబు అనేవాళ్ళం. అతనికి ఎవరూ కేసు ఇవ్వలేదు, పుస్తకాల దుమ్ము దులపమన్నారు. నా కథ విన్నాక అతని కళ్ళలో దీపాలు వెలిగాయి.

"అక్కా, మీకు దారి హక్కు ఉంది! ఈ కేసు నేను చూస్త."

"హక్కుంటె ఉండనియ్ బాబూ, అదేడికి పోతది? నిమ్మళంగ జూద్దాం."

కేసు సాగాలి, అది నా అవసరం. గెలవాలి, అది అతని ఆరాటం. మరిది ఊళ్ళో లేడన్నాను. అత్తమ్మకు ఒంట్లో బాగాలేదన్నాను. చివరికి మూఢం నడుస్తోందన్నాను. "కేసుకు మూఢమేంది అక్కా?" అని జుట్టు పీక్కున్నాడు. ఒక శుక్రవారం మాత్రం టేబుల్ మీద చరిచి చెప్పాడు: "నీ మరిదికి చెప్పు. ఆదివారంలోపల గోడ తియ్యకుంటె నేనే వస్త. కొలతలు తీస్కోని సోమవారం పెద్ద వకీల్ సాబ్ ముందర పెడ్త!"

ఎండకు భయపడి రాడులే అనుకున్నాను. ఆదివారం పొద్దున మెట్లు కడిగి చీపురు కింద పెట్టానో లేదో, స్కూటర్ ఆగింది. కోటుతోనే వచ్చాడు. చేతిలో కొలతల టేపు. మా ఆయన కింది మెట్టు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"నమస్తే అన్నా. మీ తమ్ముడు ఉన్నడా?"

"నాకు తమ్ముడెక్కడున్నడు?" అన్నాడు మా ఆయన. (నిజంగానే లేడు. ఒక్కడే కొడుకు.)

నేను పైనుంచి కేకేశాను. "లొల్లి అయినకాంచి తమ్ముడే లేడనుకుంటున్నడు బాబూ, ఈయన!"

కోటు బాబుకు కళ్ళు చెమ్మగిల్లాయి. మా ఆయన చెయ్యి పట్టుకుని, "బాధ పడకు అన్నా" అన్నాడు. మా ఆయన చాయ్ గ్లాసు వైపు అనుమానంగా చూసుకున్నాడు.

"అక్కా, గోడేది?"

"తీసేసిండు బాబూ! నువ్వొస్తవని చెప్పిన, గంతే. వణుక్కుంట పొద్దున్నే కూలగొట్టిండు."

"ఇటుకలేవి?"

"పట్కపోయిండు. వట్టి పిసినారి."

"సిమెంటు మరక గూడ లేదు?"

"నేను కడిగిన గద!" అన్నాను. తడి మెట్లు తళతళ మెరుస్తున్నాయి. నా పనికి ఇంకొకరు వంక పెడితే నేను ఊరుకోను.

ఈ గోలకు ఖాలా తలుపు తీసింది. "క్యా దీవార్?" అంది. ఏం గోడ అని. నేను ఆమె వైపు చూసిన చూపు ఎలా ఉందో నాకు తెలియదు. ఖాలా ఒక్క క్షణం ఆగి, రెండు చేతులతో తల పట్టుకుంది. "హౌ బేటా! ఫజర్ సే ధనా ధన్, ధనా ధన్! మేరా సర్ ఫట్ గయా!" తెల్లారకముందు నుంచి ఆ చప్పుడుకు తల పగిలిపోయిందట. అంతటితో ఊరుకుందా, ఎప్పుడో మేక తన్ని పగిలిన పూలకుండీ తెచ్చి, ఇది కూడా వాడి పనే అంది. కోటు బాబు దాన్ని కూడా కొలిచాడు.

తర్వాత అతను మెట్లు ఎక్కాడు. దిగాడు. మళ్ళీ ఎక్కాడు. "నా మొదటి కేసు అక్కా!" అంటూ చిన్నపిల్లాడిలా ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు. నేనూ నవ్వాను, అతను వెళ్ళిపోయేదాకా. అప్పుడు వెలిగింది నాకు, కేసు అయిపోయిందని. ఇంక ఆ బెంచీ మీద నాకేం పని?

సోమవారం చిన్నాయన అదే మాట అన్నాడు. "గెల్సినోళ్ళు ఇంక కూసుంటరానే? కొంప ముంచినవ్. ఇంటికి నడువు."

కూలరుకు ఒకసారి దణ్ణం పెట్టుకుని, చింతపండు సంచి తీసుకుని లేచాను. ఈలోగా హాల్లో కోటు బాబు గోడ కూలిన వైనం అందరికీ చెప్పేశాడు. కార్వాన్ సేఠ్ లేచి నిలబడ్డాడు.

"ఇన్నేండ్లసంది వస్తున్న. ఈ బెంచీ మీద కూసున్నోళ్ళు గెల్సుడు ఇయ్యాలనే చూస్తున్న. బిడ్డా, నా ఫైలు మీద ఒక్కసారి చెయ్యి పెట్టు."

పెట్టాను. వెనకనే చాంద్రాయణగుట్ట ఆమె తన ఫైలు చాపింది. ఆమె వెనక ఇంకొకరు. పెద్ద వకీల్ సాబ్ గదిలోంచి బయటికి వచ్చి చూస్తే, ఆయన తలుపు దగ్గర ఎవరూ లేరు, నా ముందు మాత్రం లైను. "ఎవలీమె?" అన్నారు.

చిన్నాయన చెమట తుడుచుకున్నాడు. "ఆడోళ్ళ గదికి కొత్తగ పెట్టుకున్నం సార్."

ఆయన నన్నూ లైనునూ మార్చి మార్చి చూసి, మెల్లగా తన చేతిలోని ఫైలు ముందుకు జరిపారు. "అమ్మా, దీనిమీద గూడ పెట్టు."

ఆ ఆఫీసులో చాలా ఏళ్ళు నీళ్ళు ఇచ్చాను. ఖాళీ గదిలో తిరిగే ఫ్యాన్లన్నీ ఆపాను. (కార్వాన్ సేఠ్ ఓడిపోయాడు. చెయ్యి ఆనించీ ఆనించనట్టు పెట్టావని చాలా రోజులు అలిగాడు.)

నిన్న మనవరాలు ఆఫీసు నుంచి ఫోను చేసింది. వాళ్ళ పెద్ద సారు జుట్టంతా నెరిసిన మనిషట, ఏసీ గదిలో కూడా కోటు విప్పరట. కొత్త పిల్లలందరినీ కూర్చోబెట్టి తన మొదటి కేసు చెప్పారట. ఒక్క మాట కబురు పెడితే యాకుత్‌పురాలో గోడ కూలిపోయిందట.

"మీరు గూడ యాకుత్‌పురాలనే ఉంటుండె గద అమ్మమ్మా. గా గోడ నీకు తెలుసా?"

తడి మెట్ల మీద ఎక్కుతూ దిగుతున్న ఆ కుర్రాడు కళ్ళ ముందు మెదిలాడు.

"తెల్వకేం బిడ్డా" అన్నాను. "మస్తు గట్టి గోడ. ఆయన గాకుంటె కూలకపోతుండె."

ఫోను పెట్టేశాక ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. (ఆ సారు తెలుగు పుస్తకాలు చదవరట. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.) ఖాలా లేదు, మా ఆయన లేడు, చిన్నాయనా లేడు. ఆ గోడ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అది పడిపోకుండా చూసుకోవాల్సింది ఇంక నేనే.