ఆఖరి ముక్కకు అక్క మాట

మిర్యాలగూడ వర్క్‌షాపులో మేం ఎక్కువగా రైస్‌మిల్లు సామాన్లే చేసేవాళ్లం. తొంభైల్లో ఒకసారి హైదరాబాద్ నుంచి టైటానియం పని వచ్చింది. ఆ లోహం కట్టర్లను తొందరగా అరగదీస్తుంది. లోహాన్ని కోసేటప్పుడు రాలిన పొట్టును ఊడ్చే అక్క, ప్రతిసారీ చిటికెడు తీసి, వెలుతురులో రంగు చూసేది.

చివరికి ఒక్క ముక్క, ఒక్క కట్టర్ మిగిలాయి. నా లెక్క ప్రకారం ఆ కట్టర్ ఆయుష్షు తీరిపోయింది. మధ్యలో విరిగితే ముక్క పాడై ఆర్డరు పోతుంది.

"ఇంకొక్కటి తెగుతది సార్. కట్టర్ అరిగితె పొట్టు నల్లవడుతది, ఇంక వడలే," అంది అక్క.

భయపడుతూనే మిషన్ నడిపాను. ముక్క అద్దంలా వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆమె మాత్రం ఆఖరి పొట్టు చూసి, "ఇగ సాలు, మల్ల పెట్టకుండ్రి," అంది.

నమ్మలేక ఒక తుక్కు ముక్క మీద పెట్టి చూశాను. కట్టర్ అంచు టప్పున ఎగిరిపోయింది.

తర్వాతి టైటానియం ఆర్డరుకు, నా పక్కనే స్టూల్ వేసి ఆమెను కూర్చోబెట్టాను.