ముందొచ్చిన కడవ

నిన్న పొద్దున మా వీధిలో తప్పెట కొట్టి చాటారు, మునిసిపాలిటీకి కొత్త మేనేజరు వస్తున్నాడని. అరుగుల మీది మగవాళ్లంతా మన కులంవాడైతే బాగుండునని ఒకటే గొణుగుడు. నేను మాత్రం వద్దంటాను. ఎందుకో నా ఈడు ఆడవాళ్లకు తెలుస్తుంది.

మన తెలుగువాళ్లు కోయంబత్తూరికి వచ్చి ఎన్ని తరాలైనా, బావి దగ్గర వరుస మాత్రం విడవలేదు. పెద్దింటి కోడలు ముందు, తరువాత ముత్తయిదువలు, అందరూ చేదుకుని పోయాక విధవ. నా పడుచుతనంలో, మా ఆయన చనిపోయిన ఏడు వేసవిలో, నాకొచ్చిన ఆ చివరి వంతుకు బావిలో మిగిలేది బురదే. అదే వడగట్టి తాగించి తాగించి నా చంటిబిడ్డ విరేచనాలతో వడిలిపోతుంటే, వీధికి పెద్దయిన మా బావగారు పద్ధతి పద్ధతేనన్నారు.

అప్పుడే, ఊరు పెరుగుతోందని, జీతానికి ఒక మేనేజరును పెట్టారు. ఏ ఊరివాడో, మాలో ఎవరు ఎవరి కోడలో ఎరగడు. బావికి రాతి గట్టు కట్టించి, గిలక వేయించి, ముందొచ్చిన కడవకే ముందు నీళ్లని చాటించాడు.

మరునాడు అందరికన్నా ముందు వెళ్లి తాడు పట్టుకున్నాను. కట్టిన గట్టు సరిగా ఉందో లేదో చూడ్డానికి మేనేజరూ వచ్చి ఉన్నాడు. అంతలో బావగారు, వెనకే కడవతో తోటికోడలు. బావగారితో నేరుగా మాట్లాడే అలవాటు మా ఇళ్లలో లేదు గనుక ఆమెతోనే అన్నాను.

“అక్కా, బావకు చెప్పు. ఈ పొద్దు నించి నీ కడవ నా ఎనక.”

“నన్నేల నడాన ఇరికిస్తావమ్మా,” అంటూనే ఆమె కడవ వెనక్కి జరుపుకుంది.

“దీనికి నోరొచ్చిండాదే,” అన్నారు బావగారు. “మేనేజరయ్యా, విధవ చెయ్యి ముందు పడితే వీధికే కీడు. నీకేం తెలుసు?”

“నాకు తెలియదు సామీ,” అన్నాడతను. “ఆ అమ్మ ముందొచ్చింది. అంతే తెలుసు.”

చేదాను. తేటనీళ్లు. బిడ్డ బతికింది, ఇప్పుడు దానికీ పిల్లలు.

మావాళ్లే అర్జీ పెట్టి ఏడాది తిరక్కుండా అతణ్ణి బదిలీ చేయించారు. నేను తలెత్తి ఆ ముఖమైనా చూడలేదు, అది మాత్రం ఇప్పటికీ మనసుకు వెలితి. అతను పోయాక పాత వరుస మళ్లీ పెట్టబోయారు గానీ నేను పెట్టనివ్వలేదు. రోజూ చీకటితోనే వెళ్లేదాన్ని, నా కడవే ముందు. ఇప్పటి కోడళ్లు ఎవరు ముందొస్తే వాళ్లు నవ్వుకుంటూ చేదుకుపోతారు, అది ఎట్లా వచ్చిందో అడిగేవాళ్లు లేరు.

మనవాడే రావాలట. మనవాళ్లు నన్ను బాగా ఎరుగుదురు, ఎరిగే బురద తాగించారు. నన్నెరగనివాడే రానివ్వండి.