కృపావతి చేతి నల్లపూసలు

పద్దెనిమిదేళ్లుగా ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో వచ్చిపోతూ, కృపావతి ఎంతమంది పెళ్లికూతుళ్లను పందిట్లోంచి విడదీసిందో ఆమెకే తెలియదు. విడదీయడమంటే మరేం కాదు. ఫోటోలో మనిషి చుట్టూ మౌసుతో గీత గీసి, వెనకాల ఉన్న కుర్చీలు, కూలర్లు, నోట్లో లడ్డూ పెట్టుకుంటున్న మేనమామ, అన్నింటినీ తీసిపారేసి ఆ పిల్లను ఒక్కదాన్నే మిగల్చడం. తర్వాత ఆమెను మంచుకొండల మీద నిలబెడతారో, అహోబిలం గోపురం ముందు నిలబెడతారో ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్ల ఇష్టం. ఆమె పనిచేసే ఫోటో ల్యాబులో ఈ పనిని కటింగ్ అంటారు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. తలంటుకున్న జుట్టు ఫ్యాను గాలికి ఎగిరిందంటే మాత్రం ఒక్కో వెంట్రుకనూ పట్టుకుని గంటన్నర కూర్చోవాలి. కళ్లు పోతాయి, నడుము పోతుంది. బనగానపల్లె, గడివేముల ఫోటోగ్రాఫర్లు 'జుట్టు పని కృపమ్మకే ఇవ్వండి' అని చీటీ రాసి మరీ పంపేవాళ్లు.

అలాంటి మనిషిని పిలిచి ల్యాబు ఓనరు రషీద్ ఏమన్నాడో చూడండి.

"కృపక్కా, మూడు సాఫ్ట్‌వేర్లు తెచ్చినా. వారం దినాలు ఊరికే వాడుకోవచ్చంట. దానంతటదే మనిషిని కట్ చేస్తాదంట. ఏది నీ మాదిరి చేస్తాదో నువ్వే చూసి చెప్పు. నువ్వు బాగుందంటే అదే కొంటా."

ఎంత గౌరవం! ఉరితాళ్లలో ఏది నున్నగా ఉందో నువ్వే ఎంచుకోమ్మా అన్నంత గౌరవం.

"మరి మేము ముగ్గురం యాడికి పోవల్లప్పా?" అంది కృపావతి.

రషీద్ తల దించుకున్నాడు. "కర్నూలోళ్లు రెండు దినాల్లో ఆల్బమ్ ఇస్తాండారక్కా. మనకు పన్నెండు దినాలు పడతాంది. ఫోటోగ్రాఫర్లు ఒక్కొక్కరే జారుకుంటాండారు. నన్నేం చేయమంటావ్?"

అదీ నిజమే. దుర్మార్గుడైతే నాలుగు తిట్టి అయినా కడుపు చల్లార్చుకోవచ్చు. ఇతను దుర్మార్గుడు కూడా కాదాయె!

కటింగ్ గదిలో మూడు కుర్చీలు. ఒకటి కృపావతిది. ఆమె భర్త శాంసన్ ఆళ్లగడ్డలో శిల్పాల దుకాణాల్లో రాళ్లు పాలిష్ చేసి, చేసి, ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో నింపుకుని రెండేళ్లుగా మంచం మీదే ఉన్నాడు. రెండోది మహాలక్ష్మిది. మొగుడు వదిలేసినా పుట్టింటి గడప తొక్కనని పంతం పట్టి, నూనెపల్లెలో ఒక గది తీసుకుని బతుకుతోంది. మూడోది ఆర్షియాది. ఇరవై రెండేళ్ల పిల్ల. ఇంట్లో నిఖా మాట ఎత్తినప్పుడల్లా ఈ ఉద్యోగాన్నే అడ్డం పెట్టుకుని ఆపుకొస్తోంది. ఆర్షియాకు మౌసు పట్టుకోవడం నేర్పింది కృపావతే.

"ఏదీ పనికిరాదని చెప్పేయక్కా, ఐపాయె" అంది మహాలక్ష్మి.

"ఊరికే చెప్తే వింటాడా? చూపించల్ల" అంది కృపావతి.

శుక్రవారం పొద్దున్నే కూర్చుంది. జుమ్మా నమాజుకు పోయొచ్చి చూస్తానన్నాడు రషీద్. మొదటి సాఫ్ట్‌వేర్‌కు గడివేముల పెళ్లికూతుర్ని ఇచ్చింది. జుట్టంతా గొరిగి గుండు చేసి ఇచ్చింది అది. "తిరుపతి పోయొచ్చినట్టుండాది!" అని మహాలక్ష్మి పడీపడీ నవ్వింది. రెండోది జడలో మల్లెపూలను సగం మింగేసింది. ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. ఆర్షియా అయితే టీ కూడా తెప్పించింది.

మూడోదాని దగ్గర నవ్వు ఆగిపోయింది. ఎనిమిది సెకన్లు! ఎగిరే జుట్టు, చెమటకు నుదుటికి అంటుకున్న ముంగురులు, పల్చటి మేలిముసుగు, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు కళ్లు పోగొట్టుకుని నేర్చుకున్న పనిని ఎనిమిది సెకన్లలో చేసి, ఇంకేమైనా ఉందా అన్నట్టు నిలబడింది. కృపావతి ఊరుకోలేదు. తలంబ్రాలు పోస్తున్న ఫోటో ఇచ్చింది. గాలిలో ఉన్న బియ్యపు గింజలు కూడా పోలేదు. గుత్తులు గుత్తులుగా బాసికాలు వేలాడే ఫోటో ఇచ్చింది. అవీ పోలేదు.

"యాడో ఒకచోట తప్పు చేస్తాదిలే అక్కా. చెయ్యకుంటే ఎట్ల?" అంది ఆర్షియా.

పాత ఫోల్డర్లన్నీ తిరగేసింది కృపావతి. పిచ్చిపట్టినట్టు వెతికింది. పన్నెండున్నరకు దొరికింది. దీపిక అని, బనగానపల్లె పెళ్లికూతురు. పెద్దవాళ్ల కాళ్లకు మొక్కడానికి వంగింది. మెడలో నల్లపూసలు కిందికి జారి, ఒంటికి తగలకుండా గాలిలో వేలాడుతున్నాయి. వెనక ఎవరిదో నల్లకోటు. మూడో సాఫ్ట్‌వేర్ ఎనిమిది సెకన్లు తిరిగింది. ఆ పూసల్ని కోటులో భాగమనుకుని, కోటుతో పాటే తీసి అవతల పారేసింది.

"ప్రభువా!" అంది కృపావతి. ఏడుపొచ్చేసింది. మహాలక్ష్మి ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది. ఇక చాలు. ఈ ఒక్క ఫోటో చాలు.

ఎందుకంటే బోసి మెడతో ఏ పెళ్లికూతురూ ఈ ల్యాబు దాటకూడదు. అది రషీద్ తండ్రి బుడేన్ సాబ్ పెట్టిన కట్టుబాటు. కృపావతి చేరిన ఏడాదే ఆమె కటింగ్‌లో ఒక పెళ్లికూతురి పూసల దండ తెగిపోయి, ఆల్బమ్ అలాగే వెళ్లిపోయింది. ఆ ముసలాయన కొత్త పేజీ పట్టుకుని, తనే బస్సెక్కి వాళ్ల ఊరు పోయి, ఆ ఇంటి ఆడవాళ్లకు దండం పెట్టి వచ్చాడు. ఆమెను ఒక్క మాటా అనలేదు. "మెడ ముందు చూడు బేటీ, మొహం తర్వాత" అన్నాడంతే. ఆ రోజు నుంచీ ఆమె చెయ్యి ముందు మెడ దగ్గరికే పోతుంది.

మధ్యాహ్నం మిగతా ఇద్దరూ అన్నం తినడానికి వరండాలోకి వెళ్లినప్పుడు ఫోన్ మోగింది. శాంసన్.

"కృపా... ఊపిరాడల్లేదే. మందు యాడ పెట్టినావ్?"

"కిటికీలో నీలం డబ్బా ఉండాది చూడు. లేయొద్దు, కూర్చునే అందుకో. దొరికిందా? పీల్చు. మెల్లగా... ఇంకోసారి."

ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అతని దగ్గును వింటూ ఇరవై నిమిషాలు కూర్చుంది. నలభై కిలోమీటర్ల అవతల మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటుంటే ఇక్కడ ఆమె ఏం చేయగలదు? పీల్చు, వదులు, పీల్చు, వదులు. ఎదురుగా తెరమీద బోసి మెడ. కుడిచేతిలో మౌసు. అతనికి ఊపిరి కుదుటపడి, "ఇప్పుడు బాగుండాదిలే, నువ్వు తిను" అన్నాక ఫోన్ పెట్టేసింది. పోయి మొహం కడుక్కుని వచ్చేసరికి రషీద్ ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

గుండును చూసి నవ్వాడు. మల్లెపూలను చూసి పెదవి విరిచాడు. మూడోది తెరిచి, తండ్రికి తగ్గ కొడుకు, సూటిగా మెడ దగ్గరికే పోయి పెద్దది చేసి చూశాడు.

"అబ్బ! పూసలు గూడా ఇడ్సలేదే ఇది!"

కృపావతి వంగి చూసింది. ఒక్కో పూస, పూస మీద మెరుపు, మధ్యలో దారం, అన్నీ ఉన్నాయి. అలా పూసలు గుచ్చే చెయ్యి నంద్యాలలో ఒక్కటే ఉంది. ఫోనులో దగ్గు వింటూ, తనకే తెలియకుండా ఆ చెయ్యి పూసలన్నీ గుచ్చేసింది. దేవుడా, ఎంత పని చేసుకున్నాను!

"అది నేను చేసిందప్పా. మెషీను చేయలేదు" అంది. అతను నమ్మలేదు. పట్టుబట్టి మళ్లీ దానిచేతే చేయించి చూపించింది. ఎనిమిది సెకన్లకు బోసి మెడ వచ్చింది.

రషీద్ రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. గెలిచాననే అనుకుంది ఆమె.

"అంటే అంతా అదే చేస్తాది" అన్నాడు చివరికి. "ఇట్లాంటియి సరిచేసేదానికి మాత్రం మనిషి కావల్ల. ఒక్క మనిషి చాలు గదక్కా. నువ్వుండు."

ఆ మాట చెవిన పడగానే ఆమెకు హాయిగా ఊపిరి వచ్చింది. నిజం చెప్పుకోవాలి కదా, వచ్చింది. ఆ తర్వాతే సిగ్గు ముంచుకొచ్చింది.

"వాళ్లు లేకుండా నేనెట్ల..." అంది.

"ముగ్గురినీ పెట్టుకుంటే ఉగాదికి ల్యాబే మూయల్ల. నా నోటితో నేను చెప్పలేను. నువ్వే చెప్పక్కా" అని లేచి వెళ్లిపోయాడు. ఉండనని అరవాలనుకుంది. నీలం డబ్బాలో మందు అడుగంటిందన్న సంగతి గుర్తొచ్చింది.

వరండాలో ఇద్దరూ క్యారియర్లు విప్పకుండా ఆమె కోసమే కూర్చున్నారు. ఆమె మొహం చూడగానే మహాలక్ష్మికి అర్థమైపోయింది.

"ముగ్గురినీ తీసేస్తాండాడా అక్కా?"

"లేదు. ఇద్దరినే."

ఆ మొహం చూసి, పోయే ఇద్దరిలో కృపావతి ఒకతె అనుకుని, ఆర్షియా గబుక్కున లేచొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు. "అయ్యో అక్కా! ఇప్పుడు మీ ఆయనకు మందులెట్ల? నేను పోయి రషీద్ భాయ్‌ని అడుగుతా ఉండు. నా బదులు నిన్ను పెట్టుకోమంటా."

"ఆర్షియా," అంది కృపావతి, "పోయేది నేను కాదే."

ఆ పిల్లకు వెంటనే అర్థం కాలేదు. కృపావతి చెయ్యి పట్టుకునే నిలబడింది.