నేను మడిచిన చీటీ

మా బాబాయి నలభై ఏళ్లు పుస్తకాలు కుట్టాడు. "చిరిగినవాళ్లకు నేను డాక్టర్నిరా, నొప్పి తెలియకుండా కుడతాను" అనేవాడు. టీ తాగేటప్పుడు బొటనవేలి మీద ఎండిన జిగురును పొరలు పొరలుగా ఒలుచుకునేవాడు. బడి మానేసిన నన్ను బైండింగ్ షాపులో చేర్చి, కాగితం మడవడం నేర్పింది ఆయనే. అంచుకు అంచు చేర్చి, ఎముక బద్దతో ఒక్కసారే గీయాలి. మడత కత్తి అంచులా రావాలి. బైండింగుకు వచ్చిన పుస్తకాలు తిరిగి వెళ్లేలోపు చదివేయడం మాత్రం నా అంతట నేనే నేర్చుకున్నాను.

యజమాని కుట్టు మిషన్ కొనాలనుకున్నాడు. కొంటే బాబాయి అక్కర్లేదు. మిషన్ నాకే అప్పగిస్తానని, ముందు మిగతావాళ్లు ఏమనుకుంటున్నారో కూపీ లాగమని నన్ను లోపలికి పిలిచి చెప్పాడు.

ఆ వారమే ఒక పాత నిఘంటువులో చదివాను. అసలు ఓటుకు ముందు జనం మనసు తెలుసుకోవడానికి ఊరికే తీసే లెక్కను ఇంగ్లీషువాళ్లు 'స్ట్రా పోల్' అంటారట. గాలి ఎటు వీస్తోందో చూడటానికి గడ్డిపరక ఎగరేయడం నుంచి ఆ మాట వచ్చిందట. చదువుకున్నవాడిలా కనిపించాలనే దురద నాది. బాబాయి బయటికెళ్లిన పూట అందరికీ అది వివరించి చీటీలు పంచాను. ఆయన ఉండాలా, వెళ్లాలా రాసి ఖాళీ జిగురు డబ్బాలో వేయమన్నాను. ఇది ఓటు కాదు, గడ్డిపరకే అన్నాను. నాతో కలిపి ఆరుగురం వేశాం.

యజమాని భోజనం చేసి వచ్చేలోపే బాబాయి వచ్చాడు. జిగురు కాచడానికి ఆ డబ్బానే తీశాడు. కాగితాలు కత్తిరించేవాడు నసుగుతూ సంగతి చెప్పాడు. బాబాయి చీటీలు బల్ల మీద పోశాడు. ఐదు ఉండల్లా నలిగి ఉన్నాయి. ఐదింట్లోనూ 'ఉండాలి' అనే ఉంది. ఆరోదాని మడత కత్తి అంచులా ఉంది. ముందు దాని అంచును వేలితో తడిమాడు. తర్వాత విప్పాడు. 'వెళ్లాలి'.

"గడ్డిపరక ఎగరేసినవాడే ఊదకూడదు నాన్నా" అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, మిగతా ఐదూ డబ్బాలో వేసి నా చేతికిచ్చాడు.

అందరూ ఉండమన్నారని చెప్పాను. యజమాని ముఖం చిట్లించి సరేనన్నాడు. బాబాయి మాత్రం నెల తిరక్కుండానే, కళ్లు ఆనడం లేదని చెప్పి మానేశాడు. వెళ్తూ ఎముక బద్ద నా బల్ల మీద పెట్టాడు.

ఇప్పుడు మిషన్ నాదే. ఎప్పుడైనా వాళ్లింటికి వెళ్తే పిన్ని టీ ఇస్తూ, "పని నీ చేతిలో పెట్టి వచ్చానని అందరికీ గొప్పగా చెప్పుకుంటాడు మీ బాబాయి" అంటుంది. వాళ్ల ముందు గదిలో కొక్కేనికి ఆయన చొక్కా వేలాడుతుంటుంది. దాని జేబు వైపు చూడలేను.