నాచులో బంతి

ముప్ఫై ఏళ్ల కిందట, క్లబ్బు కప్పు ఆఖరి ఆటలో తన బంతిని అవతలివాడు నాచులోకి తొక్కేశాడని మర్డో గిల్‌క్రిస్ట్ ఇప్పటికీ చెప్తాడు. పెర్త్‌షైర్ అడవి మధ్యనున్న ఆ గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే క్యాలమ్‌ ఆ కథ వారానికి రెండుసార్లు వినాల్సిందే. పద్నాలుగో గుంత దగ్గర బర్చ్ చెట్ల కిందికి రాగానే మర్డో టోపీ తీసి, సమాధి ముందు నిలబడ్డట్టు నిలబడతాడు. ఆనక తడిసిన మేజోళ్లు పైకి లాక్కుని, ఫ్లాస్కులో సూపు ఒక్కడే తాగుతాడు. "నిజాయితీ లేనివాడికి ఈ ఆట దేనికి అబ్బాయ్?" అంటాడు మూతి తుడుచుకుంటూ.

మొన్న సెప్టెంబరులో మర్డో మళ్లీ కప్పు ఆఖరి ఆటకు చేరాడు. ఎదురు ఆడింది బడి వంటమనిషి ఐల్సా. ఆమె గెలిస్తే ఆ కప్పు మీద మొదటిసారి ఓ ఆడమనిషి పేరు ఎక్కేది. పద్నాలుగో గుంత దగ్గర ఆమె బంతి బర్చ్‌ల కిందికి దొర్లింది. ఆట నియమం ప్రకారం మూడు నిమిషాల్లో దొరక్కపోతే బంతి పోయినట్టే లెక్క. మర్డో అందరికంటే ముందు పరుగెత్తి, వంగి వంగి వెతికాడు. "అయ్యో అమ్మాయ్, నాదీ ఇక్కడే పోయింది" అన్నాడు. బంతి దొరకలేదు, ఐల్సా ఓడిపోయింది. మర్నాడు క్యాలమ్ అక్కడ ఆకులు ఊడుస్తుంటే నాచులో బూటు మడమ గుర్తు, దాని కింద ఐల్సా ఆనవాలుగా ఎర్రచుక్క పెట్టుకున్న బంతి కనిపించాయి. తిన్నగా క్లబ్బుకెళ్లి, కప్పు తుడుచుకుంటున్న మర్డో ముందు ఆ బంతి పెట్టాడు. మర్డో దాన్ని తీసుకుని, అంటిన నాచును గోటితో గీకాడు.

"దొరికిందా? అదృష్టవంతురాలు" అన్నాడు. "నాది ఎవడూ వెతికిపెట్టలేదు."