బేరింగు ఇరుక్కున్నప్పుడు

అనంతపురం శివార్లలో బోరు మోటార్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో రోబో చేతికి పని నేర్పడం నా ఉద్యోగం. షాఫ్టుకు బేరింగు తొడగాలి, అంతే. మూడు నెలల్లో నేర్పలేకపోతే దాన్నీ నన్నూ కలిపి సాగనంపుతానని ఓనరు ముందే చెప్పారు. నా సొంత ప్రయత్నాల్లోనే రెండు నెలలు అయిపోయాయి.

మనిషి చేసి చూపిస్తే రోబో అదే నేర్చుకుంటుంది. చూపించడానికి గార్లదిన్నె నుంచి ఒక మెకానిక్ అన్నను పిలిపించాను. బోర్లు ఎండి మోటార్లు కాలిపోవడం మా వైపు మామూలే కాబట్టి, ఆయన విప్పి బిగించని మోటారు ఆ చుట్టుపక్కల లేదు. రోబో చేతిని పట్టుకుని నడిపిస్తూ రోజంతా బేరింగులు తొడిగేవారు; ఆ కదలికలన్నీ కంప్యూటర్లో రికార్డయ్యేవి. మధ్యమధ్యలో ఒకటి వంకరగా పడి ఇరుక్కునేది. ఆయన తాపీగా వెనక్కి తీసి, కాస్త తిప్పి, మళ్లీ పెట్టేవారు. నాకు ఒళ్లు మండేది. అలా ఇరుక్కున్న రికార్డింగులన్నీ చెరిపేసి, ఒకరోజు అందరి ముందే అనేశాను.

"చేసేది సక్కగా చెయ్యన్నా. టైమంతా వేస్టు చేస్తాండావు."

ఆయన చేతులు తుడుచుకుని వెళ్లిపోయారు. మర్నాడు రాలేదు.

ఏరి ఉంచిన మంచి రికార్డింగులతోనే రోబోకు నేర్పాను. బేరింగు నేరుగా పడితే బాగానే తొడిగేది. వెంట్రుకవాసి పక్కకు పోయిందా, ఏం చేయాలో తెలియక అలాగే అదిమేది. రెండు బేరింగులు పగిలాక గానీ నా బుర్రకెక్కలేదు, దానికి అసలు కావలసిన పాఠాన్ని నేనే చెరిపేశానని.

బస్సెక్కి గార్లదిన్నె పోయి, ఆయన షాపు ముందు నిలబడి తప్పు నాదేనని చెప్పాను.

"ఇరుక్కుంటే ఎట్ల తీయాలో తెలిసినోడే మెకానిక్కు పాపా. ఊరికే పెట్టేదానికి నేనెందుకు?" అని, చెప్పులేసుకుని నాతో బయల్దేరారు. ఆ మంచితనాన్ని నేను ఎప్పటికీ మరిచిపోలేను.

ఈసారి కావాలనే వంకరగా పెట్టి, తీసి చూపించారు. ఆ తర్వాత రోబోను సొంతంగా సాధన చేయనిచ్చాం. బేరింగు కూర్చుంటే మార్కు, బలవంతంగా అదిమితే మార్కుల్లో కోత.

గడువు రోజున ఓనరు ముందు మొదటి బేరింగే ఇరుక్కుంది. రోబో ఆగిపోయింది. "తియ్యవే, ఏం చూస్తాండావు" అని పళ్లు కొరికాను.

పక్కనున్న అన్న నెమ్మదిగా అన్నారు: "నన్ను తిట్టినావు, సరే. దాన్ని తిట్టాకు పాపా. నేర్చుకుంటాండాది."

రోబో చేయి వెనక్కి జరిగింది. అచ్చం ఆయన లాగే కాస్త తిప్పింది. బేరింగు కూర్చుంది.

ఓనరు నవ్వుతూ నాకు చేయి చాచారు. "నేర్పింది నేను కాదు సార్, ఈయన" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు గడువంతా పట్టింది.