నాయనమ్మ మెడలో గుడ్లగూబ

నా చిన్నప్పుడు, గురజాల పక్కన మా ఊరి బళ్లో, నన్ను గుడ్లగూబను చేసినందుకు వచ్చిన ఒళ్లుమంట ఇంకా గుర్తుంది. మా టీచరమ్మ పిల్లలందరినీ గుండ్రంగా నిలబెట్టి, మెడలో తలా ఒక అట్టముక్క వేలాడదీసింది. ఒకరు వరి, ఒకరు ఎలుక, ఒకరు పాము, ఒకరు రైతు. ఎవరు దేన్ని తిని బతుకుతారో దాని నడుముకు పురికొస కట్టి, రెండో చివర తామే పట్టుకోవాలి. అదీ ఆట. నా అట్టముక్క మీద గుడ్లగూబ బొమ్మ చూసి అందరూ పకపకా నవ్వారు. నేను ఏడ్చుకుంటూ ఇంటికి పోయాను.

మా ఊళ్లో గుడ్లగూబ అంటే ఎవరికీ గిట్టదు. అది కూస్తే చావు కబురేనని భయం. మా బడి కప్పు నాపరాళ్ల సందులో ఒక గుడ్లగూబల జంట గూడు పెట్టింది. పిల్లలకు రెక్కలు రాకముందే ఆ సందును మట్టితో పూడ్చేయాలని పెద్దలు నిర్ణయించారు. పసికూనల్ని బతికుండగానే పూడ్చాలనుకోవడానికి వాళ్లకు మనసెలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

మర్నాడు మా నాయనమ్మ కొంగు బిగించి బడికి వచ్చింది. "ఏందమ్మా, ఆడపిల్లని పట్టుకుని గుడ్లగూబంటావా?" అని టీచరమ్మను దులిపేసింది.

టీచరమ్మ మా మెడల్లో మళ్లీ అట్టముక్కలు వేసి, పురికొసలు కట్టించి గుండ్రంగా నిలబెట్టింది. "మామ్మగారూ, కాసేపు మీరు రైతుగా నిలబడండి" అని, వరి పిల్ల నడుముకు కట్టిన కొస ఆమె చేతికిచ్చింది. ఎలుక అయిన పిల్లవాడు ఆ వరి మీదికి దూకబోయాడు గానీ, వాడి నడుముకు కట్టిన కొస నా చేతిలో ఉండటంతో కదల్లేకపోయాడు. అప్పుడు టీచరమ్మ నన్ను వదిలేయమంది. వదిలాను. వాడు ఒక్క ఉరుకున పోయి వరి అట్టముక్కను చించి పారేశాడు. నాయనమ్మ వంగి ఆ ముక్కలు ఏరుకుంది. ఆ ఏడు అప్పటికే మా గాదెలో విత్తనాల వడ్లు ఎలుకలే తినేశాయి.

సరిగ్గా అప్పుడే మట్టి తట్ట, నిచ్చెన పట్టుకుని మనుషులు వచ్చారు. నాయనమ్మ పోయి నిచ్చెనకు అడ్డంగా నిలబడింది.

"అపశకునం పిట్ట పెద్దమ్మా, తప్పుకో" అన్నాడొకడు.

"ఏందిరా అపశకునం? నా విత్తనాలు తిన్నది అదా?"

నా మెడలోని అట్టముక్క తీసి తన మెడలో వేసుకుని, నిచ్చెన మొదట్లో చతికిలబడింది. "పూడ్చండి, ముందు నన్ను పూడ్చండి" అంది. వాళ్లు తట్ట ఎత్తుకుని వెనక్కి పోయారు.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. అయినా గుడ్లగూబ కూసిందని ఎవరన్నా రాయి అందుకుంటే చాలు, అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నాయనమ్మ మెడలోని ఆ అట్టముక్క నా మెడలో వేసుకున్నట్టే పోయి అడ్డం నిలబడతాను.